పిన్‌బాల్ మెషిన్‌లో ఎల్‌ఈడీలు ఆరిపోతే: కొత్త బోర్డు ఆర్డర్ పెట్టే ముందు చేయాల్సిన పని

ఉక్కు బంతిని తన్ని ఆడే పిన్‌బాల్ మెషిన్‌లో ఒక మూల చీకటి పడగానే చాలామంది ఫోన్ తీసి కొత్త బోర్డు ధర వెతుకుతారు. వైజాగ్‌లో ఉన్నవాళ్లకు ఆ దారి బాగా ఖరీదు. బోర్డు అమెరికా నుంచి రావాలి, షిప్పింగు, కస్టమ్స్ డ్యూటీ కట్టాలి, వారాల తరబడి ఎదురుచూడాలి. తీరా వచ్చింది బిగించాక కూడా ఆ మూల వెలగకపోతే ఇక చెప్పేదేముంది.

పోయిందనుకున్న ఎల్‌ఈడీ చాలాసార్లు బాగానే ఉంటుంది. చెడింది దాని దాకా కరెంటు వచ్చే దారి: సగం ఊడిన పిన్ను, బీటలిచ్చిన సోల్డర్ అతుకు, ఉప్పుగాలికి పచ్చబడ్డ కనెక్టర్. కాబట్టి ఈ పనిలో ఎక్కువ సమయం సోల్డరింగ్ ఐరన్ ప్లగ్ పెట్టకముందే గడవాలి. ఒక దీపంతో పాటు ఇంకేవేవి ఆరాయి, ఏ తీరులో ఆరాయి అని చూసుకుంటే తప్పు ఎక్కడుందో సగం తేలిపోతుంది.

లోపల ఏముంటుంది

పాత మెషిన్లలో 44 నంబరు బల్బు ఉండేది. 6.3 వోల్టులు, 250 మిల్లీయాంపులు. మాడిపోతే తీసి ఇంకోటి పెట్టడమే. ఇప్పటి వాటిలో ఆ సుఖం తగ్గింది. కొన్ని చోట్ల ఇంకా సాకెట్‌లో గుచ్చే వెడ్జ్ రకం ఎల్‌ఈడీలు కనిపిస్తాయి కానీ, ఎక్కువ భాగం ప్లేఫీల్డ్ (బంతి దొర్లే బల్ల) కింద స్క్రూలతో బిగించిన చిన్న బోర్డులు, వాటి మీద నేరుగా సోల్డర్ చేసిన, బియ్యపుగింజంత ఎస్‌ఎండీ ఎల్‌ఈడీలు.

షికాగో పక్కనున్న స్టెర్న్ కంపెనీ 2015 నుంచి స్పైక్ అనే పద్ధతి వాడుతోంది. అందులో ప్లేఫీల్డ్ కింద నోడ్ బోర్డులు ఉంటాయి. మెయిన్ బోర్డు నుంచి ఇంటర్నెట్ కేబుల్ లాంటి తీగ వీటికి వస్తుంది. ఒక్కో నోడ్ బోర్డు తన చుట్టుపక్కల స్విచ్‌లను చదువుతుంది, కాయిల్స్‌ను (బంతిని తన్నే విద్యుదయస్కాంతాలను) కొడుతుంది, ఎల్‌ఈడీలను వెలిగిస్తుంది. కాయిల్స్‌కు వెళ్లేది 48 వోల్టుల డీసీ. జెర్సీ జాక్ కంపెనీ 2013లో తెచ్చిన తన మొదటి మెషిన్ నుంచే రంగులు మార్చే ఆర్‌జీబీ ఎల్‌ఈడీలను విరివిగా వాడుతూ వచ్చింది. సొంతంగా మెషిన్ కట్టుకునేవాళ్లు డబ్ల్యూఎస్ 2812 రకం గొలుసు ఎల్‌ఈడీలు పెడతారు. మీ మెషిన్‌లో ఏ పద్ధతి ఉందో మాన్యువల్‌లో చూసుకోండి. దాని పీడీఎఫ్ చాలావరకు కంపెనీ సైట్‌లోనే దొరుకుతుంది. లైట్ల పట్టిక, కనెక్టర్ల పట్టిక ఉన్న పేజీలు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, చేతికి ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టడానికి పూసే పేస్టు) అంటుకున్నాక ఫోన్ స్క్రీన్ మీద జూమ్ చేయడం కుదరదు.

తెరిచే ముందు

స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకేయండి. చాలా మెషిన్లలో కాయిన్ డోర్ (నాణేలు వేసే ముందు తలుపు) తెరవగానే కాయిల్స్‌కు పవర్ ఆపే ఇంటర్‌లాక్ స్విచ్ ఉంటుంది, దాన్ని నమ్ముకుని లోపల చేతులు పెట్టొద్దు. పవర్ సప్లైలో కెపాసిటర్లు డిశ్చార్జ్ కావడానికి కొన్ని నిమిషాలు ఆగండి.

అన్నిటికంటే ముందు ప్లేఫీల్డ్ పైన కప్పిన గ్లాస్ సంగతి. అది టఫెన్డ్ గ్లాస్. మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది కానీ అంచు గట్టి నేలకు తగిలితే మొత్తం పలుకులై రాలిపోతుంది. మన ఇళ్లలో నేలంతా టైల్సో గ్రానైటో కాబట్టి గోడకు ఆనించి నిలబెట్టడమంటే ప్రమాదం కొనితెచ్చుకోవడమే. మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టండి, ఆ గదిలోకి పిల్లల్ని పోనివ్వకండి.

తర్వాత బంతులన్నీ తీసేయాలి. మరిచిపోయి ప్లేఫీల్డ్ లేపితే అవి దొర్లి ప్లాస్టిక్కులనో పెయింటునో కొట్టుకుంటాయి. ప్లేఫీల్డ్‌ను వెనక్కి ఆనించేటప్పుడు దానికీ బ్యాక్‌బాక్స్‌కూ (వెనక నిలబడి ఉండే పెట్టెకు) మధ్యలో మందపాటి టవల్ పెట్టండి.

ఇంకొక మాట. మెషిన్‌కు ఎవరైనా అదనపు బొమ్మలు, లైట్లు తగిలించి ఉంటే ముందు వాటి వైర్లు ఊడదీయండి. మొసలి క్లిప్పులతో లైటింగ్ లైన్‌కు తగిలించే ఈ మాడ్స్ అంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. ఒక క్లిప్పు జారి పక్క పిన్నుకు తగిలితే షార్ట్, నాలుగు మాడ్స్ ఒకే లైన్ మీద ఉంటే ఓవర్‌లోడ్. వాటిని తీసేశాక అసలు లైట్లు మామూలుగా వెలిగితే మీ రిపేరు అక్కడితో అయిపోయినట్టే.

ఆరిన తీరు చదవడం

ఈ భాగం నింపాదిగా చేయండి. ప్లగ్గు మళ్లీ పెట్టి మెషిన్ ఆన్ చేసి, కాయిన్ డోర్ లోపలి బటన్లతో డయాగ్నస్టిక్స్ మెనూలోకి వెళ్లి లైట్ టెస్ట్ తీయండి. అన్ని లైట్లూ ఒకేసారి వెలిగించే టెస్టు, ఒక్కొక్కటిగా వెలిగించే టెస్టు రెండూ ఉంటాయి. ఒక్కొక్కటిగా పోతున్నప్పుడు స్క్రీన్ మీద లైట్ పేరు, నంబరు కనిపిస్తాయి. చాలా మెషిన్లు అది ఏ బోర్డుకు చెందిందో కూడా చూపిస్తాయి. ఆరినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మాన్యువల్ పట్టిక చూసి వాటి ఎదురుగా బోర్డు, కనెక్టర్, పిన్ను, తీగ రంగు రాయండి. ఈ కాగితమే చాలావరకు రోగం చెప్పేస్తుంది.

ఒక్కటే ఆరితే: ఆ ఎల్‌ఈడీ గానీ, దాని రెసిస్టర్ గానీ, దాని ఒక్కదానికే వెళ్లే తీగ గానీ.

ఒకే చిన్న బోర్డు మీదున్నవన్నీ ఆరితే ఎల్‌ఈడీలను అనుమానించకండి. ఐదారు ఎల్‌ఈడీలు ఒకేసారి చనిపోవు. ఆ బోర్డుకు వచ్చే కనెక్టర్ చూడండి.

ఆరినవి ప్లేఫీల్డ్ మీద దూరదూరంగా ఉండి, కాగితం మీద మాత్రం అన్నిటికీ ఒకే రంగు తీగ వస్తుంటే అవి ఒకే లైన్ పంచుకుంటున్నాయన్నమాట. ఆ తీగ ఎక్కడో తెగింది, లేదా దాన్ని నడిపే డ్రైవర్ (బోర్డు మీది చిప్) పోయింది. వరసలో మొదటి దీపం దగ్గర తీగ ఊడితే దాని తర్వాతవన్నీ ఆరతాయి. వెలుగుతున్న చివరి దీపానికీ ఆరిన మొదటి దానికీ మధ్య వెతకండి.

ఒక బోర్డు పరిధిలోని లైట్లతో పాటు స్విచ్‌లు, కాయిల్స్ కూడా పనిచేయకపోతే అది లైటింగ్ సమస్యే కాదు. ఆ నోడ్ బోర్డుకు పవర్ గానీ కేబుల్ గానీ అందట్లేదు. ఇలాంటప్పుడు మెషిన్ ఆన్ చేయగానే స్క్రీన్ మీద ఎర్రర్ కూడా చూపిస్తుంది.

రంగు మారితే ఇంకా తేలిక. ఆర్‌జీబీ ఎల్‌ఈడీలను టెస్టులో తెల్లగా వెలిగించండి. నీలం, ఆకుపచ్చ కలిసినట్టు కనిపిస్తే ఎరుపు పోయింది. ఊదా కలిసిన గులాబీలా ఉంటే ఆకుపచ్చ పోయింది. పసుపుగా ఉంటే నీలం పోయింది. ఒకే ఒక్క ఎల్‌ఈడీలో ఇలా జరిగితే లోపలి మూడు చిప్పుల్లో ఒకటి పోయినట్టు. ఒక బోర్డు మొత్తం అదే రంగు తప్పిపోతే ఆ రంగు తాలూకు లైన్ తెగినట్టు.

మిణుకుమిణుకుమనే వాటి విషయంలో ఎప్పుడు మిణుకుతున్నాయో గమనించండి. బంతి బంపర్‌కు తగిలినప్పుడల్లా ఆరి వెలిగితే లూజ్ కాంటాక్ట్. ఆన్ చేసిన కాసేపు బాగుండి వేడెక్కాక ఆరిపోతే ఎల్‌ఈడీ లోపలి సన్నని తీగ విడిపోతూ ఉండొచ్చు. ఒక జాగ్రత్త: ఫోన్ కెమెరాలో చారలుగా కనిపించే మిణుకుడును నమ్మొద్దు. ఎల్‌ఈడీల వెలుగును వేగంగా ఆపి వేస్తూ తగ్గిస్తారు కాబట్టి కెమెరాకు అది చారలుగానే పడుతుంది.

కళ్లతో, పుల్లతో

పవర్ ఆపి ప్లేఫీల్డ్ లేపండి. మొదట ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, ఏ కనెక్టర్ ఎక్కడ ఉందో తర్వాత గుర్తుండదు. అనుమానం ఉన్న బోర్డు మీద టార్చ్‌లైట్ పక్క నుంచి ఏటవాలుగా వేసి భూతద్దంతో చూడండి. నిటారుగా వేస్తే సోల్డర్ అంతా ఒకేలా మెరుస్తుంది. ఏటవాలుగా వేస్తే పిన్ను చుట్టూ వెంట్రుక మందం నల్లటి గీత గుండ్రంగా కనిపిస్తుంది. మన మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దీన్నే. బంతిని ఎగదన్నే స్లింగ్‌షాట్లు, బంపర్ల దగ్గరున్న బోర్డుల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే కాయిల్ కొట్టిన ప్రతిసారీ ఆ అదురు కనెక్టర్ కాళ్ల మీద పడుతుంది.

కనెక్టర్లను ఒక్కొక్కటే తీసి మళ్లీ గట్టిగా నొక్కండి. ప్లాస్టిక్ గూడులో ఒక పిన్ను మిగతా వాటికంటే లోపలికి జారి ఉంటే అదే దొంగ. తీగను వెనక నుంచి మెల్లగా లాగి చూడండి, పైన ప్లాస్టిక్ తొడుగు బాగున్నా లోపల రాగి తెగి ఉంటే సాగినట్టు కదులుతుంది.

దీనితో దొరక్కపోతే, పవర్ ఇచ్చి లైట్ టెస్టులో పెట్టి, మసాలా అంతా గీకేసిన అగరుబత్తి పుల్లతో బోర్డును, కనెక్టర్‌ను, ఎల్‌ఈడీని తేలిగ్గా తాకుతూ వెళ్లండి. వెదురు పుల్ల కరెంటును పంపదు, బోర్డును గీరదు, ఎంత గట్టిగా నొక్కుతున్నామో చేతికి తెలుస్తుంది. ఎక్కడ తాకితే దీపం వెలిగిందో అక్కడే తప్పు. ఈ పని చేసేటప్పుడు ఉంగరం, గొలుసు, స్టీల్ వాచీ తీసి పక్కన పెట్టండి.

మీటరు పట్టుకుని

పవర్ ఆపి, కనెక్టర్ తీసేసి, మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఎర్ర ప్రోబ్ ప్లస్ వైపు, నల్లది మైనస్ వైపు ఎల్‌ఈడీ కాళ్లకు ఆనిస్తే బాగున్న ఎల్‌ఈడీ మసగ్గా వెలుగుతుంది. ఎరుపుకు దాదాపు 2 వోల్టులు చాలు. నీలం, తెలుపు, ఆకుపచ్చలకు 3 వోల్టుల దాకా కావాలి. చవక మీటర్లు కొన్ని డయోడ్ మోడ్‌లో అంత ఇవ్వవు. కాబట్టి నీలం వెలగనంత మాత్రాన పోయిందని తీర్పు ఇచ్చేయకండి, అదే మీటరుతో పక్కన పనిచేస్తున్న నీలం ఎల్‌ఈడీని కూడా చూడండి. అదీ వెలగకపోతే లోపం మీటరుదే.

ఎల్‌ఈడీ బాగుంటే రెసిస్టర్ చూడండి. దాని మీద 101 అని ఉంటే 100 ఓములు, 471 అంటే 470 ఓములు, 102 అంటే 1000 ఓములు. చివరి అంకె సున్నాల లెక్క. అదీ సరిగ్గా ఉంటే తీగను కంటిన్యుటీలో పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు బీప్ వస్తోందో లేదో చూడండి. బీప్ వస్తుండగానే తీగను కదపండి, మధ్యలో ఆగితే అక్కడ తెగింది.

పవర్ ఉండగా వోల్టేజి కొలిచేటప్పుడు అన్ని లైట్లూ పూర్తిగా వెలిగే టెస్టులో పెట్టండి. వెలుగు తగ్గించి ఉన్నప్పుడు మీటరు సగటు చూపిస్తుంది కాబట్టి ఉండాల్సిన దానికంటే తక్కువ కనబడి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. ప్రోబ్ జారి రెండు పిన్నులను కలిపితే డ్రైవర్ పోతుంది, కొన మాత్రం బయటకు వదిలి మిగతాది టేపు చుట్టుకోండి.

ఒకే రకం చిన్న బోర్డులు రెండు ఉంటే అటుదిటు, ఇటుదటు మార్చడమే అన్నిటికంటే మంచి పరీక్ష. చీకటి బోర్డుతో పాటు కదిలితే బోర్డు చెడింది, ఉన్నచోటే ఉండిపోతే తీగలో గానీ పైనున్న డ్రైవర్‌లో గానీ లోపం. మార్చేది మాత్రం పవర్ ఆపాకే. నోడ్ బోర్డుల కేబుళ్లు పవర్ ఉండగా పీకి పెడితే బాగున్నవి కూడా పోతాయి.

ఎల్‌ఈడీ మార్చడం

ఎల్‌ఈడీయే పోయిందని తేలాక ఐరన్ ప్లగ్ పెట్టండి. వేడి అమర్చుకునే ఐరన్, 63/37 సోల్డర్ (తగరం, సీసం పాళ్లు), మంచి ఫ్లక్స్, సన్నని ట్వీజర్, సోల్డర్ పీల్చే రాగి జడ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. డాబాగార్డెన్స్, జగదాంబ వైపు తిరిగితే ఇవి దొరుకుతాయి. ఎల్‌ఈడీ కొనేటప్పుడు సైజు (2835, 3528, 5050 లాంటివి), రంగు, కాళ్ల అమరిక మూడూ కలవాలి. 5050 సైజులోనే తెల్లదీ, ఆర్‌జీబీదీ, లోపల చిప్పున్న గొలుసు రకమూ ఉన్నాయి, తొందరలో చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి.

మన ఊళ్లో గుర్తుంచుకోవాల్సింది తేమ. ఈ ఎల్‌ఈడీల పైనున్న ప్లాస్టిక్, సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అలాంటి దాన్ని హఠాత్తుగా వేడి చేస్తే లోపలి తేమ ఆవిరై, చిప్పు నుంచి ప్లాస్టిక్ విడిపోతుంది. వెంటనే పోకపోయినా కొన్నాళ్లకు పోతుంది. విడిగా డబ్బాలో పోసి ఉంచినవి కాకుండా సీల్ చేసిన కవరులో ఉన్నవే అడగండి. మిగిలినవి సిలికా జెల్ పొట్లం వేసి గాలి చొరని డబ్బాలో దాచండి.

పాతది తీయడానికి: రెండు కాళ్ల మీదా ఫ్లక్స్ పూసి, కొత్త సోల్డర్ కొంచెం ఎక్కువే వేయండి. ఐరన్‌ను 320 నుంచి 350 డిగ్రీల మధ్య పెట్టి ఒక కాలు, రెండో కాలు మార్చి మార్చి వేడి చేస్తే రెండు వైపులా కరిగి ఉన్న క్షణంలో ఎల్‌ఈడీ పక్కకు జారుతుంది. జారకపోతే బలవంతంగా పీకొద్దు, కింది రాగి ప్యాడ్ ఊడొస్తుంది. బోర్డు అల్యూమినియం పలకదైతే వేడినంతా అదే లాగేసుకుంటుంది, మామూలు ఐరన్‌తో గంట కూర్చున్నా కరగదు. దానికి కింద నుంచి వేడి చేసే ప్లేటు గానీ హాట్ ఎయిర్ మెషిన్ గానీ ఉండాలి.

అది లేనివాళ్లకు నా సలహా మొబైల్ రిపేరు షాపు. ఫోన్ బోర్డు మీద కంటికి ఆనని భాగాలు మార్చేవాళ్లకు ఇది చాలా తేలిక పని. నేను ఒకసారి తీసుకెళ్తే ఆ కుర్రాడు బోర్డు అటూ ఇటూ తిప్పి, ‘ఇదేటన్నా, ఇంత పెద్ద బల్బులా?’ అని నవ్వి, చార్జింగ్ జాక్ మార్చే మధ్యలో పూర్తి చేసిచ్చాడు. కాకపోతే రెండు విషయాలు ముందే చెప్పాలి. ఏ ఎల్‌ఈడీ మార్చాలో మార్కర్‌తో గుర్తు పెట్టివ్వాలి. థిన్నర్‌తో తుడవొద్దని చెప్పాలి, కొన్ని ప్లాస్టిక్ కనెక్టర్లను, ఎల్‌ఈడీ మీది లెన్స్‌ను అది పాడుచేస్తుంది.

కొత్తది పెట్టేటప్పుడు ప్యాడ్లను రాగి జడతో శుభ్రం చేసి, ఒక్క ప్యాడ్ మీదే కొంచెం సోల్డర్ వేయండి. ట్వీజర్‌తో ఎల్‌ఈడీని పట్టుకుని ఆ సోల్డర్ కరిగించి అంటించండి, వంకర ఉంటే అప్పుడే సరిచేసి, తర్వాత రెండో కాలు వేయండి. ప్లస్, మైనస్ గుర్తు కంపెనీని బట్టి మారుతుంది. కొన్నిటికి కోసిన మూల మైనస్, కొన్నిటికి ఆకుపచ్చ గీత. ఆ గుర్తును నమ్మకుండా పెట్టే ముందే మీటరుతో వెలిగించి చూడండి. ఐరన్ కొనతో పైనున్న పసుపు భాగాన్ని తాకొద్దు.

గొలుసు రకం అయితే

డబ్ల్యూఎస్ 2812 లాంటి వాటిలో ప్రతి ఎల్‌ఈడీలో చిన్న చిప్ ఉంటుంది. అది డేటా అందుకుని తన వంతు తీసుకుని మిగతాది తర్వాతి దానికి పంపుతుంది. మధ్యలో ఒకటి చస్తే ఆ తర్వాతవన్నీ ఆరిపోతాయి, లేదా పిచ్చి రంగులు వేస్తాయి. ఇక్కడ చాలామంది ఆరిన మొదటి దాన్ని మార్చి ఊరుకుంటారు. వెలుగుతున్న చివరిది కూడా అంతే అనుమానితురాలు, తాను వెలుగుతూనే డేటా బయటకు పంపలేకపోవచ్చు. ఆరిన మొదటిదాన్ని దాటించి, చివరగా వెలుగుతున్న దాని డేటా అవుట్ నుంచి ఆరిన రెండో దాని డేటా ఇన్‌కు సన్నని తీగతో జంపర్ వేయండి. మిగతావి వెలిగితే మధ్యలోది పోయింది. వెలగకపోతే చివరగా వెలుగుతున్న దాన్ని కూడా దాటించి చూడండి.

ఇవి 5 వోల్టుల మీద నడుస్తాయి, పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీయాంపుల దాకా తాగుతుంది. గొలుసు చివరకు వచ్చేసరికి తెలుపు కాస్తా ఎర్రబడితే ఎల్‌ఈడీలు పోలేదు, అక్కడికి వోల్టేజి చాలడం లేదు. చివరి కొసకు కూడా విడిగా పవర్ తీగ లాగితే సరిపోతుంది.

ఉప్పుగాలి

పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్లులకే తుప్పు ఆగదు. కనెక్టర్ పిన్నుల మీద తెల్లటి పొడి, పచ్చటి పూత కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చాకే పెట్టండి. గరుకు కాగితంతో గీకితే పైనున్న తగరం పూత పోయి, ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. తలుపుల కీళ్లకు కొట్టే నూనె స్ప్రేలు ఇక్కడ వాడొద్దు, ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది. పిన్ను గోధుమరంగుకు మాడి ఉంటే శుభ్రం చేయడం వృథా. బోర్డు వైపు పిన్నులు, తీగ వైపు గూడు రెండూ మార్చాలి, ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా మాడుస్తుంది. తీగ చివరలను సోల్డర్ చేయకుండా క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. కొనే ముందు పిన్నుల మధ్య దూరం కొలవండి, పిన్‌బాల్‌లో ఎక్కువగా కనిపించేవి 2.54, 3.96 మిల్లీమీటర్లవి.

రిపేరు చేసిన చోట తీగ కదలకుండా సిలికాన్ వేస్తే వెనిగర్ వాసన వచ్చే రకం వాడకండి. అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అని అడిగి తీసుకోండి.

మూసే ముందు

బోర్డు స్క్రూలు మరీ బిగిస్తే బోర్డు వంగి కొత్త సోల్డర్ చీలుతుంది. స్క్రూ బోర్డుకు ఆని, ఇంకో చిన్న తిప్పు దగ్గర ఆపండి. కదిలే భాగాల దగ్గర తీగకు కొంచెం వదులు ఉంచి ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టండి. లైట్ టెస్టు ప్లేఫీల్డ్ లేపి ఉన్నప్పుడు ఒకసారి, దించాక ఒకసారి చూడాలి. పైకి ఉన్నప్పుడు వెలిగి దించగానే ఆరితే ఏదో తీగ నలుగుతోందని అర్థం. గ్లాస్ వేయకముందే నాలుగు ఆటలు ఆడండి. స్లింగ్‌షాట్లు, బంపర్లు గట్టిగా కొట్టుకున్నాక కూడా దీపం నిలిస్తేనే పని అయినట్టు.

మొదట రాసుకున్న కాగితాన్ని పారేయకుండా, ఏ లైటు, ఏ కనెక్టర్, ఏం చేశారు, తారీఖు రాసి కాయిన్ డోర్ లోపలి వైపు అంటించండి. ఇంకో దీపం ఆరినప్పుడు అది కూడా అదే కనెక్టర్ మీద ఉంటే, ఈసారి వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.